"నెల తప్పింది" అన్న మాట, ఒక మాత్ర చరిత్ర

మన వైపు "నెల తప్పింది" అంటే గర్భం నిలిచిందనే అర్థం. జనగామలోనైనా, మానుకోట తండాల్లోనైనా, భూపాలపల్లి గని కార్మికుల ఇళ్లలోనైనా ఆ మాటకు మరో అర్థం ఉండేది కాదు. అత్యవసర గర్భనిరోధక మాత్ర వచ్చాక రెండో అర్థం ఏర్పడింది. మాత్ర ఊళ్లకు చేరినంత వేగంగా ఆ సంగతి చేరలేదు.

1970లలో నేను వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో చదివే నాటికి ఈ చికిత్స ప్రపంచానికే కొత్త. 1960లలో నెదర్లాండ్స్‌లో అత్యాచారానికి గురైన ఒక బాలికకు వైద్యులు పెద్ద మోతాదులో ఈస్ట్రోజెన్ ఇచ్చారు. 1974లో కెనడా వైద్యుడు ఆల్బర్ట్ యూజ్పే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చే పద్ధతిని ప్రకటించాడు. పని చేసేది గాని, వేసుకున్నవారిలో సగం మందికి కడుపులో తిప్పేది. వాంతిలో మాత్ర పోయిందేమోనన్న బెంగ వేరు.

1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన ఆ బాధను చాలావరకు తగ్గించింది. ఒక్క లెవోనార్జెస్ట్రల్ ఇచ్చినప్పుడు గర్భం వచ్చినవారు 1.1 శాతం, పాత పద్ధతిలో 3.2 శాతం. వికారం కూడా సగానికి తగ్గింది. మన దేశంలో 2002లో ఇది కుటుంబ సంక్షేమ కార్యక్రమంలో చేరింది. 2005లో వైద్యుని చీటీ అక్కరలేకుండా అమ్మేందుకు అనుమతి వచ్చింది. 2007లో ఐ-పిల్ టీవీ ప్రకటనలతో "డెబ్బై రెండు గంటలు" అన్న మాట ఇంటింటికీ తెలిసింది. ఆ తర్వాతి నెలసరి ఎప్పుడు వస్తుందన్నది మాత్రం చాలామందికి తెలియలేదు.

వికారం తగ్గినా నెలసరి తేదీ మారడం పోలేదు. పోదు కూడా, ఎందుకంటే మాత్ర చేసే పనే అది. అండం విడుదలకు ముందు పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ హార్మోను ఉప్పొంగుతుంది. ఆ పొంగుకు ముందే మాత్ర పడితే అండం విడుదల ఆగుతుంది, లేదా వెనక్కి జరుగుతుంది. అండం విడుదలయ్యాక వేసుకుంటే ప్రయోజనం దాదాపు లేదు. నిలిచిన గర్భాన్ని ఇది తీసివేయదు. గర్భస్రావ మాత్రలు వేరు. చక్రం తొలి రోజుల్లో వేసుకున్నవారికి నెలసరి ముందుగా రావచ్చు, ఆ తర్వాత వేసుకున్నవారికి సకాలంలోనో కొంత ఆలస్యంగానో రావచ్చు. మధ్యలో మరకలు కనిపించవచ్చు, స్రావం ఒకటి రెండు రోజులు పొడిగించవచ్చు. ఎక్కువమందికి వారం అటూ ఇటూలో వచ్చి, పై నెలకు సర్దుకుంటుంది.

ఇంత చిన్న విషయం తెలియక జరిగినది ఒకటి చెబుతాను. నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో భూపాలపల్లి వైపు నుంచి ఇద్దరు పిల్లల తల్లిని తీసుకొచ్చారు. ముఖం పాలిపోయి ఉంది. మాత్ర వేసుకున్నాక నెలసరి ఆరు రోజులు ఆలస్యమైందట. నెల తప్పిందని అత్తగారు తేల్చేసింది. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన పరీక్ష లేకుండానే గర్భం పోయే మాత్రలిచ్చాడు. మూత్ర పరీక్షలో గర్భం ఆనవాలే లేదు. అసలే రక్తహీనత ఉన్న మనిషి కావడంతో రెండు సీసాల రక్తం ఎక్కించవలసి వచ్చింది. "సారూ, మరి నెల తప్పింది కదా" అని మర్నాడు కూడా అత్తగారు అడుగుతూనే ఉంది. ఆమెను తప్పు పట్టలేను. మూడు తరాలుగా ఆ మాట ఆమెకు అబద్ధం చెప్పలేదు.

దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది. మాత్ర వేసుకున్న వారంలో కాస్త రక్తం కనిపించగానే గర్భం లేదని నిశ్చింతపడేవారున్నారు. అది రుజువు కాదు. అనుకున్న తేదీ దాటి వారమైనా నెలసరి రాకపోతే, లేదా మాత్ర వేసుకుని మూడు వారాలైనా సరైన స్రావం కాకపోతే, పరీక్ష చేసుకోవాలి. ఆశా కార్యకర్తల దగ్గర దొరికే నిశ్చయ్ కిట్‌తో ఇంట్లోనే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి ఉంటే మాత్రం కిట్‌తో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్ వంటి మందులు వాడేవారిలో మాత్ర బలం తగ్గుతుంది. వారికి ఐదు రోజుల్లోపు వేయించుకునే కాపర్-టీ మేలు. ఆ తర్వాత కూడా అదే సంవత్సరాల తరబడి కాపాడుతుంది, ప్రభుత్వ ఆసుపత్రిలో ఖర్చు లేదు.