కేడెట్ విద్యార్థికి గౌరవము

జనవరి మాసము కడపటి దినములలో ఢిల్లీ కంటోన్మెంటునందలి కరియప్ప పెరేడ్ మైదానమున ఏటేట ఒక సభ జరుగును. దేశము నలుచెఱగులనుండి ఎంపికయై వచ్చి, నెలనాళ్ళపాటు తెల్లవాఱుజామున మంచుపొగలో లేచి కవాతు నేర్చి, గణతంత్ర దినమున కర్తవ్యపథముపై సైనికదళముల వెంట నడచిన ఎన్.సి.సి. (నేషనల్ కేడెట్ కోర్) బాలబాలికలు ఆ సభలో ప్రధానమంత్రికి వందన మర్పింతురు. వారిలో ఉత్తమ కేడెట్లని తేలినవారికి ప్రధాని స్వహస్తముతో పతకమును, నాయకత్వ చిహ్నమైన బేటన్ అను దండమును అందించును. ఆ పురస్కారము లందుకొనువారిలో కళాశాల విద్యార్థులతోబాటు, ఇంకను పాఠశాల గడప దాటని బాలురును బాలికలును ఉందురు. మార్కులకు బహుమాన మిచ్చుట మన పాఠశాలలకు పాత అలవాటు. పరుగుపందెమున గెలిచినవానికి కప్పు ఇచ్చుటయు పాతదే. కాని ముందుగా తాను ఆజ్ఞకు లోబడి, పిదప ఆజ్ఞ యిచ్చుటకు అర్హుడై, తోటివారిని క్రమము తప్పక నడిపించిన విద్యార్థిని దేశము పేరు పెట్టి పిలిచి గౌరవించుట మాత్రము స్వాతంత్ర్యముతోబాటు మనకు వచ్చిన ఆచారము. దాని పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనదగినవి.

పూర్వరంగము పరపాలనలో నడచినది. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుల కొఱత యేర్పడినప్పుడు ఆంగ్ల ప్రభుత్వము 1917లో చేసిన భారత రక్షణ దళ శాసనము క్రింద విశ్వవిద్యాలయ దళములు వెలసినవి. కలకత్తాలో ఆ దళమున చేరిన విద్యార్థులలో సుభాష్ చంద్ర బోస్ ఒకడు. చూపు చాలదని బెంగాలీ పటాలమువారు త్రోసిపుచ్చిన ఆ యువకుడు విశ్వవిద్యాలయ దళమున ఖాకీ తొడిగి, డేరాలలో నివసించి, తుపాకి పట్ట నేర్చెను. భారతీయుడుగా తనకు ప్రవేశములేని ఫోర్ట్ విలియం కోటలోనికి, తుపాకులు తెచ్చుకొనుటకై కవాతుచేయుచు వెళ్ళిన నాడు తన హృదయమున పొంగిన తృప్తిని ఆయన తన ఆత్మకథలో చెప్పికొనినాడు. 1920 నాటి శాసనముతో ఆ దళములు యూనివర్శిటీ ట్రెయినింగ్ కోర్ అను పేర స్థిరపడి, 1942లో ఇంకొక మాఱు పేరు మార్చుకొన్నవి. పేరులు మాఱినను ఒక లోపము మాఱలేదు. ఇవి యన్నియు విశ్వవిద్యాలయముల కొఱకు ఏర్పడినవి. ఉన్నత పాఠశాల విద్యార్థికి వానిలో తావు లేదు. పదునాలుగేండ్ల బాలునకు నాయకత్వము నేర్పవలెనన్న తలంపు పాలకులకు పుట్టలేదు. పుట్టుటకు వారికి కారణమును లేదు.

ఆ తలంపు పుట్టినది 1946లో, పండిత హృదయనాథ కుంజ్రూ అధ్యక్షతన ప్రభుత్వము నియమించిన సంఘమునందు. ఆ సంఘము ఇతర దేశములలో యువజనులకు ఒసగు శిక్షణను పరిశీలించి, 1947లో తన నివేదికను సమర్పించెను. దాని సిఫారసులపై 1948 ఏప్రిల్ 16వ తేదీన నేషనల్ కేడెట్ కోర్ శాసనము అమలునకు వచ్చి, ఆ జూలై మాసమున దళము ప్రారంభమయ్యెను. దేశము రెండు ముక్కలై, కాశ్మీరమున యుద్ధము సాగుచున్న దినములవి. అట్టి సమయమున కళాశాలలకు సీనియర్ డివిజన్, పాఠశాలలకు జూనియర్ డివిజన్ అని రెండు శాఖలు చేసి, బడిపిల్లవానిని సైతము ఈ శిక్షణలోనికి పిలుచుట సామాన్యమైన నిర్ణయము కాదు. తొలి సంచాలకుడుగా వచ్చిన కర్నల్ గోపాల్ గురునాథ్ బేవూర్ పాతికేండ్ల పిదప, 1973లో, భారత భూసైన్యమునకు అధిపతి యయ్యెను. దళము పుట్టిన మరుసటి యేడే, 1949లో, బాలికలకు ప్రత్యేక విభాగము ఏర్పడినది. 1950లో వైమానిక శాఖయు, 1952లో నౌకాశాఖయు చేరినవి. 20,000 మందితో మొదలైన సంఖ్య నేడు పదునైదు లక్షలను మించినది. ఈ దళమున చేరినంతమాత్రమున ఎవ్వరును యుద్ధసేవకు బద్ధులు కారని శాసనమే స్పష్టముగా చెప్పుచున్నది.

ఇచట కుంజ్రూ పండితుని గూర్చి ఒక మాట చెప్పక ముందుకు సాగజాలను. ప్రభుత్వము పౌరులకు బిరుదము లిచ్చుట గణతంత్రమునకు తగదని దృఢముగా నమ్మిన మనుష్యు డాయన. 1968లో భారతరత్నము తన కొసగ బూనినప్పుడు ఆ నమ్మకముచేతనే దానిని వలదన్నాడు. అట్టివాని చేతులమీదుగా పుట్టిన సంస్థలో పతకములును, బేటన్లును, పతాకములును ఇంతగా వర్ధిల్లుట విరుద్ధమని కొందఱికి తోపవచ్చును. నాకు అట్లు తోపదు. బిరుదము ప్రభువు ప్రసాదించునది; కేడెట్ పతకము పదుగురి కన్నులయెదుట పోటీపడి గెలుచుకొనునది. ఆ పోటీలో తహసీల్దారు కుమారుడును, రైతుకూలీ కుమార్తెయు ఒకే ఖాకీ తొడిగి, ఒకే వరుసలో నిలిచి, ఒకే ప్రశ్నకు బదులు చెప్పవలెను.

ఆ పోటీ యెట్టిదో దగ్గఱనుండి చూచినగాని దాని విలువ తెలియదు. ముందటి రాత్రియే పని ఆరంభమగును. గంజి పెట్టిన చొక్కాకు మడత చెడకుండ ఇస్త్రీ చేయుట, బెల్టు మీది యిత్తడి బిళ్ళను బ్రాసోతో ముఖము కనబడునట్లు తోముట, బూట్ల ముక్కులకు పాలిష్ పట్టించి పాతగుడ్డతో గడియసేపు రుద్దుట, టోపీ మీది ఎఱ్ఱని హాకిల్ అను కుచ్చు ఒక ప్రక్కకు ఒరగకుండ నిలుపుట, ఇవి యన్నియు విద్యార్థి తన చేతులతో తానే చేసికొనవలెను. తెల్లవాఱిన పిమ్మట పరీక్షకుడు వరుసవెంట నడచుచు, సావధాన్ స్థితిలో నిలిచిన బాలుని బొటనవ్రేలు పంట్లాము కుట్టును ఆనుకొని యున్నదో లేదో, పిడికిలి బిగువుగా నున్నదో లేదో చూచును. చూపు చెదరినను గుర్తించును. ఇది తొలిమెట్టు.

రెండవ మెట్టు ఇంతకంటె కష్టమైనది. అంతవరకు ఆజ్ఞకు నడచిన బాలుడు వరుసనుండి ముందునకు వచ్చి తానే ఆజ్ఞ నీయవలెను. ఆజ్ఞయందు రెండు భాగము లున్నవి: మొదటిది వినువానిని సిద్ధపఱచునది, రెండవది చేయించునది. కుడికి తిరుగుటకు "దాహినే" అన్న మాటను సాగదీసి, క్షణమాగి, "ముడ్" అన్న మాటను కొరడా ఝుళిపించినట్లు విసరవలెను. ఆ నడిమి విరామము చాలనియెడల వరుస తడబడును. మిక్కిలి యైనయెడల సడలిపోవును. "థమ్" అన్న కేక అడుగు పడు సరియైన క్షణమున పడకున్న ముప్పదిమంది ముప్పది తీరుల నాగుదురు. ఇంట హిందీ వినని తెలుగు పిల్లవాడు ఆ మాటలను అలవఱచుకొని, ఇంకను పగులుచున్న ఆ లేతగొంతుతో, తనకంటె ఒడ్డుపొడుగు గల సహాధ్యాయులను నడిపించునప్పుడు చూడవలెను! ఇటుపై తుపాకి గుఱి, వ్రాతపరీక్ష, బృందచర్చ, ముఖాముఖి సంభాషణ. గుఱి తప్పనివాడు చర్చలో మాట తప్పవచ్చును. చర్చలో మెఱసినవాడు కవాతులో వెలవెలబోవచ్చును. అన్నింట నిలిచినవాడే ఉత్తమ కేడెట్.

తెలుగునాట ఈ చరిత్ర రెండు పాయలుగా మొదలైనది. 1948 జూలైలో దళము పుట్టునప్పటికి సర్కారు జిల్లాలును రాయలసీమయు మద్రాసు రాష్ట్రములో నుండగా, తెలంగాణము ఇంకను నిజాము ఏలుబడిలో నుండెను. సెప్టెంబరులో హైదరాబాదుపై భారత సైన్యము జరిపిన చర్య ముగిసిన పిదపగాని అచటి బాలురకు భారత యూనియన్ దళమున అడుగిడు దారి యేర్పడలేదు. పిమ్మట ఆ పాయలు కలిసినవి. సికింద్రాబాదున నెలకొన్న డైరెక్టరేటు, 2014లో రాష్ట్రము రెండైన తరువాతను, ఉభయ రాష్ట్రములకును ఒక్కటిగానే పనిచేయుచున్నది. ఏటేట విశాఖపట్టణము, గుంటూరు, వరంగల్లు, తిరుపతి మున్నగు గ్రూపుల కేడెట్లు తమలో తాము పోటీపడి, అందు నెగ్గినవారు సికింద్రాబాదు పక్షమున ఢిల్లీ శిబిరమునకు పోవుదురు. అచటికి పోవుటయే ఒక గౌరవము. ఊరికి తిరిగి వచ్చిన విద్యార్థిని రైల్వేస్టేషనున పూలదండతో ఎదుర్కొని, బడివఱకు ఊరేగించిన గ్రామములు మన జిల్లాలలో తక్కువ కాదు.

ఈ పతకముల వెనుక కానరాని వ్యక్తి మఱియొక డున్నాడు: పాఠశాల యందలి ఉపాధ్యాయుడు. లెక్కలో, తెలుగో, డ్రిల్లో చెప్పుకొను ఆ పంతులుగారు సెలవు దినములను విడిచిపెట్టి నాగపురము చెంత నున్న కాంప్టీ శిక్షణాలయమునకు పోయి, తన శిష్యుల వయస్సు నాటి కష్టమును నడివయస్సున పడి, థర్డ్ ఆఫీసరుగా తిరిగివచ్చును. ఉపాధ్యాయినులకు గ్వాలియరున 1964లో వేఱు శిక్షణాలయము నెలకొన్నది. థర్డ్ ఆఫీసరు సెకండ్ ఆఫీసరగుట, ఫస్ట్ ఆఫీసరగుట, కడకు చీఫ్ ఆఫీసరగుట ఎన్నియో యేండ్ల పని. పిల్లవాని పతకమున ఈయన పాలు సగము. ఆ సగమును సభలలో చెప్పువారు అరుదు.

1962లో చైనాతో జరిగిన యుద్ధము ఈ చరిత్రను మలుపు త్రిప్పినది. దేశము కలవరపడి, 1963లో కళాశాల విద్యార్థులకు ఎన్.సి.సి. శిక్షణను నిర్బంధము చేసెను. ఉద్దేశము మంచిదే, ఫలము వేఱైనది. ఇష్టమున్నవాడును లేనివాడును ఒకే వరుసలో నిలువగా, హాజరుపట్టీ నిండినది గాని ఉత్సాహము నిండలేదు. అందఱిని ఈడ్చి తెచ్చినచోట ముందునకు వచ్చినవానికి ప్రత్యేకమైన మన్నన నిలువదు. 1968లో ఆ నిర్బంధమును తొలగించి శిక్షణను మరల ఐచ్ఛికము చేసిరి. 1969లో జాతీయ సేవా పథకము వేఱు మార్గముగా వెలసినది. ఈ అయిదేండ్ల అనుభవము నేర్పిన పాఠము పెద్దది: కేడెట్ పతకమునకు గౌరవము వచ్చినది అతడు తనంతట వచ్చి నిలిచినందువలననే.

ఇష్టపడి వచ్చినవారు సంకట సమయమున ఎట్లు నిలుతురో 1965, 1971 యుద్ధములు చూపినవి. కేడెట్లు సరిహద్దు రణరంగమున పోరాడలేదు. వెనుక వరుసలో ఆయుధ కర్మాగారములకు తోడ్పడిరి, సామగ్రి చేరవేతలో చేయి కలిపిరి, శత్రువుల పారాచూటు సైనికులను వెదకు బృందములలో తిరిగిరి, పౌరరక్షణ పనులు చేసిరి. పిదప 1989లో రక్షామంత్రి పదక్ అను పురస్కారమును నెలకొల్పిరి. కవాతునందును గుఱియందును గాక, సాహసమునందును సేవయందును అసాధారణముగా నిలిచినవారిని గుర్తించు పురస్కార మిది. మైదానమున నేర్చిన క్రమము మైదానము వెలుపల పనికి వచ్చినదా అని అడుగు ఇట్టి గౌరవమే నా దృష్టిలో అన్నింటికంటె మిన్న.

లేతవయస్సు పిల్లలకు సైనికుల నడక యేల యని శంకించు సాధుజనులు ఉన్నారు. వారి శంకను తేలికగా త్రోసివేయరాదు. పెత్తనము చలాయించుటయే నాయకత్వమని బాలుడు నేర్చినయెడల ఆ శిక్షణ హానియే. అందుకే రెండేండ్ల శిక్షణ ముగిసి 'ఏ' అను సర్టిఫికెట్ పుచ్చుకొనుటకు హాజరును, శిబిరవాసమును, పరీక్షను నియమముగా పెట్టినారు. రక్తదానము, మొక్కల పెంపకము, వరదలలో సాయము మొదలగు పనులను శిక్షణలో అంగములుగా చేసినారు. ఆజ్ఞ యిచ్చు గొంతు వరదబాధితునికి గంజి పోయు చేతితో కలిసి పెరిగినప్పుడు ఆ శంకకు తావుండదు.

ఢిల్లీ వఱకు పోవువారు కొందఱే. మిగిలిన లక్షలమంది తమ తమ పాఠశాలల మైదానములలో నడచి, సర్టిఫికెట్ పుచ్చుకొని వెళ్ళిపోవుచున్నారు. మన ఉన్నత పాఠశాలలలో ప్రధానోపాధ్యాయుని గదిలో చెక్కబల్లపై తెల్లరంగుతో ఏటేట ప్రథములైనవారి పేరులు వ్రాయించి యుంచుట పరిపాటి. ఆ బల్ల ప్రక్కన ఇంకొక బల్ల వ్రేలాడదీసి, ఆ యేటి ఉత్తమ కేడెట్ పేరును, అతనిని తీర్చిన ఉపాధ్యాయుని పేరును దానిపై వ్రాయింపుడని ప్రధానోపాధ్యాయులను, పూర్వవిద్యార్థి సంఘములను వేడుచున్నాను. బల్లకును రంగునకును అగు వ్యయము స్వల్పము. రాబోవు జనవరి లోపల ఈ పని ఏ బడియైనను చేయగలదు.