యముడి జవాబు ఎవరి కోసం?

కఠోపనిషత్తులో నచికేతుడు యముడి ఇంట మూడు రాత్రులు పస్తుండి మూడు వరాలు సంపాదిస్తాడు. మూడోది ప్రశ్న: చచ్చిన మనిషి ఉంటాడా, ఉండడా? యముడు దాటేయ చూస్తాడు. ఏనుగులు, బంగారం, భూమి ఇస్తానంటాడు. పిల్లవాడు లొంగడు. ఆ మొండితనం మాకూ ఇష్టమే.

జవాబు దగ్గరే మాకు పేచీ. చేసిన కర్మను బట్టి, విన్న చదువును బట్టి కొందరు గర్భంలో చేరతారు, కొందరు చెట్టూ చేమా అవుతారంటాడు యముడు. మరి విననివ్వని వాళ్ళ గతేంటి? వేదం విన్న శూద్రుడి చెవుల్లో తగరం, లక్క కరిగించి పోయమంది గౌతమ ధర్మసూత్రం. బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరుడు ఆ మాటనే ఉదహరించాడు. అంటరాని వాళ్ళం ఆ శూద్రుడికీ అవతలే. చెడునడత గలవాళ్ళు కుక్కగానో, పందిగానో, చండాలుడిగానో పుడతారని ఛాందోగ్యం తేల్చేసింది. చావు తర్వాతి సంగతి చెబుతున్నట్టే చెప్పి, బతికున్న మనిషి వెలివాడకు కారణం చూపించారన్నమాట.

ఆత్మ ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి పోతుందన్న వాదాన్ని అంబేడ్కర్ 1957లో వెలువడిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో తోసిపుచ్చింది అందుకే అనుకుంటున్నాం. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను నరికింది మనుషులు. దాన్ని పూర్వజన్మ ఖాతాలో రాయడానికి మనం ఒప్పుకోకూడదు.