బండలాగుడు పోటీలలో కోడెల ఎంపిక

బండలాగుడు పోటీ అనగా నిర్ణీత బరువు గల రాతిబండను ఎడ్ల జతచే లాగించి, నిర్ణీత కాలంలో ఏ జత ఎక్కువ దూరం లాగినదో నిర్ణయించే గ్రామీణ క్రీడ. తెలంగాణ దక్షిణ భాగంలోని పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో జాతరల సమయంలో ఈ పోటీలు జరుగుతాయి. వీటిలో పాలపళ్ళ, రెండు పళ్ళ విభాగాలు లేత వయసు కోడెలకు ఉద్దేశించినవి. పెద్ద పోటీకి ముందు ఒక కోడె సత్తాను అంచనా వేయడం, దానిని బరిలోకి దింపాలో మరికొంత కాలం ఆపాలో నిర్ణయించడం రైతుకు కీలకమైన విషయాలు. తొందరపాటు నిర్ణయం వలన ఏళ్ళ తరబడి పెంచిన పశువు శాశ్వతంగా కుంటిది కావచ్చు.

పోటీలు జరిగే ప్రదేశాలు

మేళ్ళచెరువులోని శంభులింగేశ్వరస్వామి ఆలయం వద్ద మహాశివరాత్రి జాతరలో జరిగే పోటీలు ప్రసిద్ధమైనవి. పూర్వం నల్గొండ జిల్లాలో ఉన్న ఈ గ్రామం 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో సూర్యాపేట జిల్లాలో చేరింది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన అయిజలో (ప్రస్తుతం జోగులాంబ గద్వాల జిల్లా) తిక్కవీరేశ్వరస్వామి ఉత్సవాల సందర్భంగా పోటీలు నిర్వహిస్తారు. కృష్ణా నదికి ఆవలి ఒడ్డున ఉన్న ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుండి కూడా ఎడ్ల జతలు వస్తాయి. ఈ ప్రాంతంలో పశువుల క్రయవిక్రయాలకు వనపర్తి జిల్లాలోని పెబ్బేరు సంత పేరుపొందింది.

పోటీ విధానం

కాడికి కట్టిన జతకు గొలుసుతో బండను తగిలిస్తారు. జత బాట చివరి వరకు బండను లాగి, అక్కడ మళ్ళి తిరిగి వస్తుంది. పూర్తిచేసిన బాటల పొడవుకు, చివరి బాటలో లాగిన దూరాన్ని కలిపి అడుగులలో లెక్కిస్తారు. ఉదాహరణకు 250 అడుగుల బాటను 12 సార్లు పూర్తిగా లాగి, మరో 140 అడుగులు లాగిన జత దూరం 3,140 అడుగులు అవుతుంది. బండ బరువు, గడువు విభాగాన్ని బట్టి మారుతాయి. పాలపళ్ళ కోడెలకు తేలిక బండను, సీనియర్ ఎడ్లకు బరువైన బండను వాడతారు.

పళ్ళను బట్టి వయసు నిర్ణయం

హైదరాబాదులోని మలక్‌పేట మైదానంలో పరుగెత్తే పందెపు గుర్రాలకు పుట్టిన తేదీ స్టడ్‌బుక్కులో నమోదై ఉంటుంది. పల్లెలోని కోడెకు సాధారణంగా అటువంటి పత్రం ఉండదు. దాని నోరే దాని జన్మపత్రం. పశువుల పై దవడ ముందు భాగంలో పళ్ళు ఉండవు. కింది దవడలో 8 ముందు పళ్ళు ఉంటాయి. చిన్నవైన పాలపళ్ళు జతలు జతలుగా ఊడి, వాటి స్థానంలో వెడల్పైన శాశ్వత దంతాలు వస్తాయి. దేశవాళీ పశువులలో ఈ క్రమం సుమారుగా ఇలా ఉంటుంది.

* పాలపళ్ళు: శాశ్వత దంతాలు ఇంకా రాని దశ, రెండు, రెండున్నర సంవత్సరాల లోపు
* రెండు పళ్ళు: 2 నుండి 2½ సంవత్సరాలకు మొదటి జత వస్తుంది
* నాలుగు పళ్ళు: సుమారు 3 సంవత్సరాలు
* ఆరు పళ్ళు: 3½ నుండి 4 సంవత్సరాలు
* ఎనిమిది పళ్ళు (నోరు నిండినది): 4½ నుండి 5 సంవత్సరాలు

జాతిని, మేతను బట్టి ఈ వయసులలో కొన్ని నెలల తేడా ఉంటుంది. కనుక పన్ను మొలిచీ మొలవని కోడె ఏ విభాగానికి చెందుతుందన్న విషయంలో వివాదాలు రావడం సహజం. పన్ను వయసును సూచిస్తుందే గాని బలాన్ని సూచించదు.

పరీక్షించే అంశాలు

పోటీలలో ఎక్కువగా కనిపించేది ఒంగోలు జాతి. తెల్లని శరీరం, పొట్టి కొమ్ములు, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు, నల్లని తోక కుచ్చు ఈ జాతి లక్షణాలు. నల్లమల అంచున అమ్రాబాదు ప్రాంతంలో పెరిగే పొడ తూర్పు పశువులు ఒంగోలు పశువులకంటే చిన్నవి. కొండ ప్రాంతపు సేద్యానికి, నడకకు పేరుపొందినవి. ఒంగోలు కోడెలో అనుభవజ్ఞులు ముఖ్యంగా ఈ అంశాలను పరిశీలిస్తారు.

* కాళ్ళు, గిట్టలు: బండను కదిలించే బలం ప్రధానంగా వెనుక కాళ్ళనుండి వస్తుంది. కీళ్ళలో వాపు ఉండరాదు. గిట్టలు గట్టిగా, దగ్గరగా ఉండాలి. మెత్తని నేలపైన, గట్టి నేలపైన నడిపించి అడుగులో తేడాను చూస్తారు.
* ఛాతీ: వెడల్పు, లోతు గల ఛాతీలో ఊపిరితిత్తులకు చోటు ఎక్కువ.
* మెడ, మూపు: కాడి ఆనే చోట పుండ్లు, వాపు, పాత గాయాలు ఉండరాదు.
* ఊపిరి: తేలిక బరువు లాగించి ఆపిన తరువాత శ్వాస ఎంత త్వరగా సాధారణ స్థితికి వచ్చినదో గమనిస్తారు. పశువు శరీర ఉష్ణోగ్రత సాధారణంగా 38.5 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. చాలా సేపు రొప్పుతూ ఉన్న కోడె ఆ బరువుకు ఇంకా సిద్ధం కాలేదని భావించాలి.
* స్వభావం: డప్పుల మోతకు, జనం కేకలకు బెదిరే కోడె ఇంటి వద్ద ఎంత బాగా లాగినా బరిలో తడబడుతుంది.
* జోడీ: దాపట (ఎడమ), వలపట (కుడి) ఎడ్ల ఎత్తు, అడుగు వేగం కలవాలి. ఒకటి ముందుకు పోయి మరొకటి వెనుకబడితే కాడి వంకరపోయి బలం వృథా అవుతుంది. మలుపు వద్ద ఈ లోపం స్పష్టంగా బయటపడుతుంది.

కొనుగోలు సమయంలో శరీరంపై గల సుడులను బట్టి శుభాశుభాలు చెప్పే ఆచారం కూడా ఉంది. సుడులకు, లాగే శక్తికి సంబంధం లేదు.

లేత వయసులోని ప్రమాదం

పశువుల కాళ్ళలోని పొడవైన ఎముకల చివర్లలో పెరుగుదలకు తోడ్పడే మెత్తని పొరలు ఉంటాయి. తొడ ఎముక, జబ్బ ఎముక వంటి వాటిలో ఇవి పూర్తిగా గట్టిపడటానికి సుమారు 42 నుండి 48 నెలలు పడుతుంది. అంటే రెండు పళ్ళ కోడె బయటికి పుష్టిగా కనిపించినా, దాని ఎముకల పెరుగుదల ఇంకా పూర్తికాలేదు. కండ ముందుగా పెరుగుతుంది. ఎముక, కీలు నెమ్మదిగా గట్టిపడతాయి. ఉలవలు, తవుడు, చెక్క పెట్టి కండ పెంచవచ్చును గాని ఎముక వయసును పెంచలేము.

అందుచేత మొదట ఖాళీ కాడితో నడక, తరువాత తేలిక బరువు, ఆ పైన క్రమంగా పెంచిన బరువు అనే క్రమం పాటించాలి. ప్రతి శ్రమ తరువాత విశ్రాంతి అవసరం. కుంటు, కీళ్ళ వాపు, మేత మానడం కనిపిస్తే పశువైద్యునికి చూపించి, ఆ సంవత్సరపు పోటీని వదులుకోవడమే సరైన నిర్ణయం. నాలుగు పళ్ళ, ఆరు పళ్ళ విభాగాలు ముందున్నందున ఆగిన కోడెకు అవకాశం పోదు.

చట్టం

జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. జల్లికట్టు, ఎడ్లబండ్ల పందేలను నిషేధిస్తూ సుప్రీంకోర్టు 2014 మే 7న తీర్పు ఇచ్చింది. అనంతరం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు ఈ చట్టానికి చేసిన సవరణలు చెల్లుతాయని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 మే 18న తీర్పు చెప్పింది. ముల్లుకర్రతో పొడవడం, తోక మెలిపెట్టడం వంటి చర్యలు పశువులకు బాధ కలిగిస్తాయని జంతు సంరక్షకులు అభ్యంతరం తెలుపుతున్నారు.

జాతి సంరక్షణ

ట్రాక్టర్ల రాకతో సేద్యంలో ఎడ్ల అవసరం తగ్గింది. ఒంగోలు గిత్తను పెంచడానికి పోటీలే ఒక కారణంగా మిగిలాయని వీటిని సమర్థించేవారు చెబుతారు. నెల్లూరు పేరుతో బ్రెజిల్‌లో నెలోర్‌గా ప్రసిద్ధి చెందిన జాతికి మూలం ఒంగోలు జాతియే. 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడల చిహ్నమైన "వీర" కూడా ఒంగోలు గిత్తయే. అయితే బరిలో గెలిచే ఎద్దు ఒక్కటే జాతిని నిలపలేదు. విత్తనపు ఆబోతులను, పాలు తక్కువైనా మేలుజాతి ఆవులను పోషించే రైతులు ఉన్నప్పుడే మంచి కోడెదూడలు పుడతాయి. పుట్టిన దూడను నోరు నిండే వరకు ఓపికగా పెంచినప్పుడే దాని సత్తా తెలుస్తుంది.