కంచె దాటిన కొమ్మ

పల్లెటూళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకి గట్టు తగాదా అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మూరెడు గట్టు కోసం రెండు తరాల పాటు కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మనకి తెలుసు. మెల్‌బోర్న్‌కి పడమరగా పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న టార్నీట్‌లో పొలం గట్లు లేవు, చెక్క ఫెన్సులున్నాయి. అయినా ప్రశ్న మాత్రం పాతదే. పక్కింటి చెట్టు కొమ్మ మన పెరట్లోకి వంగి, రేపో మాపో విరిగి పిల్లల మీద పడేట్టుంటే ఏం చెయ్యాలి?

క్రీస్తుకి పూర్వం 5వ శతాబ్దం నాటి రోమన్ల పన్నెండు శాసనాల్లోనే దీని ప్రస్తావన ఉంది. పక్కవాడి చెట్టు మన నేల మీదికి వంగితే పదిహేను అడుగుల ఎత్తు వరకూ కొమ్మలు కొట్టించే హక్కు ఉండేది. మనవాళ్ళు ఈ సమస్యని మరోవైపు నుంచి చూశారు. మర్రి, రావి, మోదుగ, బూరుగ, తాడి వంటి చెట్లని సరిహద్దు గుర్తులుగా నాటమంది మనుస్మృతి. యాజ్ఞవల్క్యస్మృతి చెట్టు కొమ్మ నరికితే 20 పణాలు, బోదె నరికితే 40, మొత్తం కూల్చేస్తే 80 జరిమానా వేసింది. సరిహద్దు మీది చెట్టయితే అంతకి రెట్టింపు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యనే 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు. రోమన్లు కొట్టే హక్కు గురించి ఆలోచిస్తే, మనవాళ్ళు కొట్టకుండా ఆపడం గురించి ఆలోచించారన్నమాట.

ఆస్ట్రేలియాకి వచ్చింది ఇంగ్లీషువాళ్ళ న్యాయం. లెమన్, వెబ్ అనే ఇరుగుపొరుగుల దావాలో 1894లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక తీర్పు ఇచ్చింది. పక్కింటి నేల మీద కాలు పెట్టకుండా, మన వైపుకి వచ్చిన కొమ్మని ముందుగా నోటీసు ఇవ్వకుండానే కొట్టుకోవచ్చు. చెట్టు ఎంత పాతదైనా సరే, ఇన్నేళ్ళుగా వంగి ఉంది కదా అన్న వాదన చెల్లదు. కాని 1919 నాటి మరో తీర్పు ప్రకారం, ఆ కొమ్మకున్న ఆపిల్ పళ్ళు చెట్టు యజమానివే! పక్కింటి నిమ్మకాయల మీద కన్నేసిన మనవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. కొమ్మ కొట్టే హక్కు సరే, ప్రమాదం బోదెలో ఉంటే? కంచె అవతల ఉన్న చెట్టు మీద మనం చెయ్యి వెయ్యలేం. దీనికి జవాబు ఆస్ట్రేలియా గడ్డ మీదే దొరికింది. 1961 ఫిబ్రవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో గోల్డ్‌మన్ అనే రైతు పొలంలో నూరడుగుల రెడ్‌గమ్ చెట్టు మీద పిడుగు పడి నిప్పంటుకుంది. ఆయన చెట్టుని కొట్టించాడు. తర్వాత నీళ్ళు పోసి ఆర్పకుండా, దానంతటదే కాలిపోతుందిలే అని వదిలేశాడు. మార్చి 1న ఎండ, గాలి తోడై మంట పక్క పొలాలకి పాకింది. పొరుగువాడైన హార్‌గ్రేవ్ దావా వేశాడు. అది లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. పిడుగు దేవుడి పనే కావచ్చు, కాని ప్రమాదం తెలిసిన తర్వాత పొరుగువాడి కోసం తగిన జాగ్రత్త తీసుకోవడం యజమాని బాధ్యత అని 1966లో తీర్పు వచ్చింది.

ఆ తీర్పులో చాలామంది గమనించని మాట ఒకటుంది. బాధ్యత అందరికీ ఒకే కొలత కాదు. ఎవరి స్థోమతని బట్టి వారిది. చిన్న యజమాని తన శక్తి కొద్దీ చేసి, మిగతా సాయం కోసం పెద్ద పొరుగువాడిని వెంటనే పిలిస్తే, తన ధర్మం నెరవేర్చినట్టే లెక్క కావచ్చు.

తర్వాత కొన్ని రాష్ట్రాలు ఈ తగాదాలకి ప్రత్యేక చట్టాలు చేశాయి: న్యూ సౌత్ వేల్స్ 2006లో, క్వీన్స్‌లాండ్ 2011లో, టాస్మేనియా 2017లో. విక్టోరియాలో కూడా అలాంటి చట్టం కావాలని రాష్ట్ర లా రిఫార్మ్ కమిషన్ 2019లో సిఫార్సు చేసింది.

టార్నీట్ పాత అగ్నిపర్వతాల లావా పరుచుకున్న మైదానం. ఒకప్పుడు గడ్డి ఎక్కువ, చెట్లు తక్కువ. వెర్రిబీ నది ఒడ్డున మాత్రం రెడ్‌గమ్‌లు పెరిగాయి. మన జామాయిల్‌కి ఇవి దగ్గర చుట్టాలే. వేసవిలో గాలి లేకపోయినా కొమ్మ జారవిడిచే గుణం వీటికుంది. 2021 జనాభా లెక్కల నాటికి ఇక్కడ 56 వేల మంది పైగా ఉన్నారు. చిన్న చిన్న స్థలాలు, ఇంటికీ ఇంటికీ మధ్య సన్నటి చెక్క ఫెన్సు. ఒకరి చెట్టు మరొకరి కప్పు మీదికి రావడంలో వింతేమీ లేదు.

మనవాళ్ళలో రెండు రకాలున్నారు. ఇంగ్లీషు యాసకి జంకి, పక్కింటివారితో గొడవెందుకని ఏళ్ళ తరబడి కొమ్మని చూస్తూ భయపడేవారు కొందరు. ఒకే దెబ్బకి లాయరు నోటీసు పంపేవారు కొందరు. రెండూ మంచివి కావు. ముందు తలుపు తట్టి మాట్లాడాలి. యజమానికి ప్రమాదం తెలియజేస్తేనే ఆయన బాధ్యత గట్టిపడుతుంది. కనక ఫోటోలు తీసి, తేదీ వేసి, మర్యాదగా ఒక ఉత్తరం ఇవ్వాలి. చెట్ల నిపుణుడి చేత పరీక్ష చేయించి, ఖర్చు పంచుకుందామని అడగొచ్చు. కొన్ని చెట్లు కొట్టడానికి అనుమతి కావాలి కాబట్టి రంపం పట్టే ముందు విండమ్ కౌన్సిల్‌ని కనుక్కోవాలి. మాట కుదరకపోతే విక్టోరియా డిస్ప్యూట్ సెటిల్‌మెంట్ సెంటర్ పైసా తీసుకోకుండా మధ్యవర్తిత్వం చేస్తుంది. ఊళ్ళో రచ్చబండ దగ్గర పెద్దలు చేసిన పని లాంటిదే అది, కాకపోతే ఇక్కడ పెద్దలు తీర్పు చెప్పరు, ఇద్దరి చేతా మాట్లాడిస్తారు.

కోర్టులో గెలిచినా ఆ ఫెన్సు పక్కనే ఇరవై ఏళ్ళు బతకాలి. పిల్లలు ఒకే బడికి వెళ్తారు, బిన్నులు ఒకే రోజు బయట పెడతారు. కొమ్మ కొట్టించడానికి ఒక శనివారం చాలు, తెగిన మాట కలపడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.