అంత్యక్రియల సేవల్లో శిక్షణార్థులు: విధులు, పర్యవేక్షణ, చట్టపరమైన బాధ్యత

(పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ప్రత్యేక వ్యాసం)

బాచుపల్లి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా: మరణించిన వ్యక్తికి గౌరవప్రదంగా అంత్యక్రియలు జరిపించడం ఒకప్పుడు బంధుమిత్రులు, ఊరివారు కలిసి నిర్వర్తించిన బాధ్యత. బహుళ అంతస్తుల భవన సముదాయాలు విస్తరించిన బాచుపల్లి వంటి ప్రాంతాలలో ఇరుగుపొరుగు కుటుంబాలు వేర్వేరు జిల్లాలకు, రాష్ట్రాలకు చెందినవి కావడంతో ఫ్రీజర్ బాక్సు, పార్థివ వాహనం, దహన ఏర్పాట్లు మొదలైనవన్నీ రుసుముపై సేవలందించేవారి చేతుల మీదుగా సాగుతున్నాయి. ఈ సేవలలో కొత్తగా చేరినవారు అనుభవజ్ఞుల వెంట ఉండి పని నేర్చుకుంటున్నారు. వీరు ఏయే పనులు చేయవచ్చు, ఎవరి పర్యవేక్షణలో చేయాలి, పొరపాటు జరిగితే బాధ్యత ఎవరిది అన్న అంశాలపై వివిధ చట్టాలలో గల నిబంధనలను ఈ వ్యాసంలో క్రోడీకరించడమైనది.

ప్రత్యేక చట్టం లేదు, బాధ్యత ఉంది

అంత్యక్రియల నిర్వాహకులకు లైసెన్సులు ఇచ్చి, వారి వద్ద పనిచేసే శిక్షణార్థులను నియంత్రించే కేంద్ర చట్టం మన దేశంలో లేదు. అయితే ఖననం, దహనం, శ్మశానవాటికలు అనే అంశం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 10వ అంశంగా పొందుపరచబడినది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన పన్నెండవ షెడ్యూలులో ఇదే అంశం విద్యుత్ దహనవాటికలతో కలిపి 14వ అంశంగా గలదు. అందువల్ల పట్టణ ప్రాంతాలలో శ్మశానవాటికల నిర్వహణపై ప్రధాన బాధ్యత స్థానిక సంస్థలదే.

బాచుపల్లి విషయంలో ఈ స్థానిక సంస్థ స్వల్ప కాలంలోనే రెండు పర్యాయాలు మారింది. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో బాచుపల్లి ప్రత్యేక మండలంగా ఏర్పడింది. అప్పటికి గ్రామ పంచాయతీగా ఉన్న ఈ ప్రాంతం 2019లో నిజాంపేట, ప్రగతినగర్‌లతో కలిసి నిజాంపేట నగరపాలక సంస్థలో భాగమైంది. 2025 డిసెంబరులో ఆ సంస్థ గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమైంది. పాలక సంస్థ మారిన ప్రతిసారీ శ్మశానవాటిక రిజిస్టరు ఎవరి అధీనంలో ఉండాలి, మరణ సమాచారం ఏ రిజిస్ట్రారుకు పంపాలి అన్నవి మారుతాయి. ఈ మార్పును ముందుగా తెలియజేయవలసినది క్షేత్రస్థాయి సిబ్బందికే. వారిలోనూ కొత్తగా పని నేర్చుకుంటున్నవారికి ఈ సమాచారం అందేలా చూడటం పర్యవేక్షకుని ప్రథమ కర్తవ్యం.

మరణ నమోదులో కాటికాపరి పాత్ర

జనన మరణాల నమోదు చట్టం, 1969లోని సెక్షన్ 10 ప్రకారం మృతదేహాల ఖనన, దహనాలకు కేటాయించిన స్థలం యజమాని లేదా సంరక్షకుడు, అలాగే అక్కడ హాజరు కావాలని స్థానిక సంస్థ నియమించిన వ్యక్తి, తమ ఎదుటకు వచ్చిన మరణాల సమాచారాన్ని రిజిస్ట్రారుకు తెలియజేయవలసి ఉంటుంది. అనగా కాటికాపరి రాసే పద్దు చట్టం గుర్తించిన సమాచారమే తప్ప కేవలం రుసుము లెక్క కాదు. మరణాన్ని నివేదించే మొదటి బాధ్యత సెక్షన్ 8 మేరకు ఇంటిలో సంభవించినప్పుడు కుటుంబ పెద్దపైన, ఆసుపత్రిలో సంభవించినప్పుడు ఆసుపత్రి బాధ్యుడైన వైద్యాధికారిపైన ఉంటుంది. శ్మశానవాటిక సమాచారం దానిని సరిచూసుకునేందుకు రెండవ ఆధారం.

ఈ పద్దులో పేరు, వయసు, చిరునామా, మరణించిన స్థలం, తేదీ తప్పుగా నమోదైనా, అసలు నమోదు కాకపోయినా నష్టపోయేది మృతుని కుటుంబమే. బీమా, పింఛను, ఆస్తి బదలాయింపు, బ్యాంకు ఖాతా వంటి వాటన్నింటికీ మరణ ధృవీకరణ పత్రం అవసరం. మరణాన్ని 21 రోజులలోగా ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు. ఆ తరువాత 30 రోజుల వరకు ఆలస్య రుసుముతోను, ఏడాదిలోపు అధికారి లిఖితపూర్వక అనుమతితోను నమోదు చేస్తారు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు అవసరమవుతుంది. మరణం ఎక్కడ సంభవించిందో అక్కడి రిజిస్ట్రారు వద్దనే నమోదు జరుగుతుంది గాని దహనం జరిగిన చోట కాదన్న విషయాన్ని శిక్షణార్థి తొలి రోజునే తెలుసుకోవలసి ఉంది. నగరంలోని ఆసుపత్రిలో మరణించి బాచుపల్లిలో దహనం జరిగిన సందర్భాలలో బంధువులు పొరబడేది ఇక్కడే.

2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ మేరకు వైద్య సంస్థలు మరణ కారణ ధృవీకరణ పత్రాన్ని రిజిస్ట్రారుకు పంపడంతో పాటు ఒక ప్రతిని సమీప బంధువుకు ఇవ్వవలసి ఉంది. ఆసుపత్రి మరణాలకు ఫారం 4, ఇతర మరణాలకు ఫారం 4ఏ వాడుకలో ఉన్నాయి.

అనుమానాస్పద మరణాలు

ఆత్మహత్య, ప్రమాదం, హత్య లేదా అనుమానాస్పద పరిస్థితులలో సంభవించిన మరణాలపై భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023లోని సెక్షన్ 194 మేరకు పోలీసులు శవ పంచనామా జరపవలసి ఉంటుంది. 2024 జూలై 1కి పూర్వం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ 174 కింద ఈ ప్రక్రియ జరిగేది. వివాహమైన ఏడేళ్లలోపు మహిళల ఆత్మహత్యలు, అనుమానాస్పద మరణాల విషయంలో ఈ సెక్షన్ ప్రత్యేక శ్రద్ధను నిర్దేశిస్తున్నది.

దహనం పూర్తయిన తరువాత తిరిగి పరీక్షించేందుకు ఆధారాలు దాదాపు మిగలవు. కనుక మృతదేహంపై గాయాలు కనిపించినా, పత్రాలలోని పేరు, వయసు సరిపోలకపోయినా, బంధువులు అసాధారణమైన తొందర కనబరచినా శిక్షణార్థి స్వయంగా నిర్ణయం తీసుకోరాదు. పనిని నిలిపివేసి పర్యవేక్షకునికి తెలియజేయాలి. పర్యవేక్షకుడు పోలీసులకు సమాచారం అందించాలి. నేరం జరిగిందని తెలిసీ నేరస్థుడిని కాపాడే ఉద్దేశంతో సాక్ష్యాధారాలను మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత, 2023లోని సెక్షన్ 238 కింద శిక్షార్హం. మృతదేహాన్ని అవమానపరచడం, శ్మశానవాటికలలో అక్రమ ప్రవేశం సెక్షన్ 301 పరిధిలోకి వస్తాయి.

‘అప్రెంటిస్’ అన్న పేరు చాలదు

అప్రెంటిస్‌షిప్ చట్టం, 1961 ప్రకారం శిక్షణార్థితో లిఖితపూర్వక ఒప్పందం కుదుర్చుకుని దానిని అప్రెంటిస్‌షిప్ సలహాదారు వద్ద నమోదు చేయించాలి. సెక్షన్ 11 మేరకు యజమానికి ఆ వృత్తిలో అర్హత లేనిపక్షంలో నిర్దేశిత అర్హత గల వ్యక్తిని శిక్షణ బాధ్యుడిగా నియమించాలి. సెక్షన్ 12 శిక్షణార్థి విధులను పేర్కొంటున్నది. శ్రద్ధతో పని నేర్చుకోవడం, తరగతులకు హాజరు కావడం, చట్టబద్ధమైన ఆదేశాలను పాటించడం వాటిలో ముఖ్యమైనవి. ‘చట్టబద్ధమైన’ అన్న పదం ఇక్కడ గమనార్హం. పత్రాలు లేకుండా దహనం చేయమన్న ఆదేశం ఈ కోవలోకి రాదు. స్టైపెండ్, పని వేళలు, పనిలో గాయపడితే నష్టపరిహారం కూడా ఈ చట్టంలో పొందుపరచబడినవి. కనీస వయసు 14 ఏళ్లు కాగా, ప్రమాదకర పరిశ్రమలకు సంబంధించిన వృత్తులలో 18 ఏళ్లు.

వేతనాల కోడ్, 2019 దేశవ్యాప్తంగా 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. అప్రెంటిస్‌షిప్ చట్టం కింద నియమితులైనవారు ఈ కోడ్‌లోని ‘ఉద్యోగి’ నిర్వచనంలోకి రారు. ఆ చట్టం కింద ఒప్పందం లేకుండా ‘పని నేర్చుకుంటున్నాడు’ అన్న పేరుతో మృతదేహాలను మోయించడం, కొలిమి వద్ద పనిచేయించడం జరిగితే అతడిని అప్రెంటిస్‌గా చూపి కనీస వేతనం ఎగవేసేందుకు వీలులేదు. క్షేత్ర తనిఖీలలో కార్మిక శాఖ అధికారులు ముందుగా చూడవలసిన పత్రం ఈ ఒప్పందమే.

తెలుగు గ్రామాలలో ఈ పని తరతరాలుగా కొన్ని కులాలకే అప్పగించబడి, చాలాచోట్ల వెట్టిగా సాగింది. రాజ్యాంగంలోని 17వ అధికరణ అంటరానితనాన్ని, 23వ అధికరణ వెట్టిని నిషేధించాయి. 1976 నాటి చట్టం వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేసింది. తండ్రి కాటికాపరి కావడం కుమారునికి నియామక పత్రం కాదు, అలాగే నియామకాన్ని తిరస్కరించేందుకు అడ్డంకి కూడా కారాదు. 14 ఏళ్లలోపు పిల్లలకు కుటుంబ వృత్తిలో బడి వేళల అనంతరం ఇచ్చిన పరిమిత మినహాయింపును స్థానిక సంస్థ శ్మశానవాటికలో పనికి వర్తింపజేయడం సమంజసం కాదు.

పాటించదగిన పర్యవేక్షణ పద్ధతి

చట్టంలో నేరుగా పేర్కొనకపోయినప్పటికీ పైన వివరించిన బాధ్యతల దృష్ట్యా ఈ క్రింది పద్ధతులు ఆచరణయోగ్యం.

1. పత్రాల పరిశీలన, రిజిస్టరు నమోదు శిక్షణార్థి చేయవచ్చు. సంతకం మాత్రం బాధ్యుడైన వ్యక్తిదే కావాలి.

2. గ్యాస్ లేదా విద్యుత్ దహనవాటికను శిక్షణార్థి ఒంటరిగా నడపరాదు. మృతుని ఛాతీలో పేస్‌మేకర్ ఉన్నదేమో బంధువులను ముందుగా అడిగి తెలుసుకోవాలి. వేడికి ఆ పరికరం పేలే ప్రమాదం గలదు. దానిని తొలగించడం వైద్య సిబ్బంది పని.

3. ఎంబామింగ్‌ను శిక్షణార్థులకు అప్పగించరాదు. విమానంలో మృతదేహాన్ని తరలించేందుకు ఎంబామింగ్ ధృవీకరణ పత్రం కోరుతారు. ఇందులో వాడే ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మానవులలో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది.

4. రుసుము వివరాలను అందరికీ కనిపించేలా తెలుగులో ప్రదర్శించాలి. రసీదు లేకుండా సొమ్ము తీసుకునే అధికారం శిక్షణార్థికి ఉండరాదు. యజమాని వీరబాహుని ఆజ్ఞకు కట్టుబడి కన్నకొడుకు శవానికి సైతం కాటిసుంకం అడిగిన హరిశ్చంద్రుని కథ తెలుగువారికి సుపరిచితం. సుంకం నిర్ణయించేది యజమాని, నిలదీతను ఎదుర్కొనేది కాటి వద్ద నిలిచినవాడు అన్న వాస్తవం నేటికీ మారలేదు.

5. చేతి తొడుగులు, మాస్కులు, చేతులు శుభ్రపరచుకునే ఏర్పాటు ప్రతి శిక్షణార్థికి కల్పించాలి. కోవిడ్ మృతదేహాల నిర్వహణపై కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చి 15న జారీ చేసిన మార్గదర్శకాలు శ్మశానవాటిక సిబ్బందికి ఈ జాగ్రత్తలనే సూచించాయి. మృతుల గౌరవ పరిరక్షణపై జాతీయ మానవ హక్కుల కమిషన్ 2021 మే నెలలో జారీ చేసిన సూచనలు సిబ్బందికి అవగాహన, న్యాయమైన చెల్లింపుల ఆవశ్యకతను ప్రస్తావించాయి.

ఇతర దేశాలలో

అమెరికాలో లైసెన్సులు, శిక్షణ నిబంధనలు రాష్ట్రాల పరిధిలోనివి. కాలిఫోర్నియాలో అప్రెంటిస్ ఎంబామర్లు ప్రభుత్వ సంస్థ వద్ద నమోదై, లైసెన్సు గలవారి పర్యవేక్షణలో నిర్ణీత కాలం పనిచేయవలసి ఉంటుంది. సేవల ధరల జాబితాను వినియోగదారులకు ఇవ్వాలన్న సమాఖ్య నిబంధన 1984 నుంచి అమలులో ఉంది. స్కాట్లాండ్‌లో 2016 నాటి చట్టం కింద రూపొందించిన అంత్యక్రియల నిర్వాహకుల నియమావళి 2025 మార్చి 1న అమలులోకి వచ్చింది.

తనిఖీలో అడగవలసినవి

శ్మశానవాటికను లేదా ప్రైవేటు అంత్యక్రియల సంస్థను పరిశీలించే అధికారులు, వార్తలు సేకరించే పాత్రికేయులు నాలుగు ప్రశ్నలకు సమాధానం రాబట్టగలిగితే వాస్తవ పరిస్థితి తేటతెల్లమవుతుంది. పని నేర్చుకుంటున్న వ్యక్తితో నమోదైన ఒప్పందం ఉన్నదా? అతని పర్యవేక్షకుడు ఎవరు, దహన సమయంలో అక్కడ ఉన్నాడా? గత నెల రిజిస్టరులోని మరణాలు రిజిస్ట్రారుకు చేరాయా? అనుమానం కలిగినప్పుడు ఫోను చేయవలసిన పోలీసు స్టేషను నంబరు గోడపై రాసి ఉన్నదా?

మరణించిన వ్యక్తి గౌరవానికీ రాజ్యాంగ రక్షణ ఉన్నదని సుప్రీంకోర్టు పలు తీర్పులలో స్పష్టం చేసింది. ఆ గౌరవాన్ని నిలిపే పని నేర్చుకుంటున్న వ్యక్తికి తన విధులేమిటో లిఖితపూర్వకంగా తెలియజేయడం, అతని తప్పులకు బాధ్యత వహించే పర్యవేక్షకుని పేరును అదే పత్రంలో నమోదు చేయడం స్థానిక సంస్థలు వెంటనే చేపట్టదగిన చర్యలు. వీటికి కొత్త చట్టం అవసరం లేదు.