బీమా లేకుంటే జుర్మానా: అమెరికా లెక్కల మనకేం పాఠం?

మా ఊరి పిలగాడొకడు ఎమ్మెస్ చదువుకు న్యూజెర్సీ పోతున్నడు. పెట్టె సర్దుకుంట అడిగిండు: "కాకా, అక్కడ హెల్త్ ఇన్సూరెన్స్ లేకుంటే ట్యాక్స్‌ల జుర్మానా ఏస్తరట, నిజమేనా?" సగం నిజం అన్న. ఆ సగం ఏందో మీకు గూడ చెప్పాలె. ఎందుకంటే ఇప్పుడు ఊరికిద్దరు ముగ్గురన్న అమెరికాల ఉంటున్నరు.

2010 మార్చి 23న ఒబామా ఒక చట్టం మీద సంతకం పెట్టిండు. జనం దాన్ని ఒబామాకేర్ అంటరు. బీమారి ముందే ఉన్నదని చెప్పి ఏ కంపెనీ పాలసీ ఇయ్యననొద్దు అన్నది దాంట్ల పెద్ద మాట. మంచిదే. కని ఒక చిక్కున్నది.

మన చీటీ లెక్కనే చూడుండ్రి. ఇరవై మంది కలిసి చీటీ ఏస్తరు. "నాకు పైసలు అవసరం పడ్డ నెలల వచ్చి చేరుత, అప్పటిదాక రూపాయి కట్ట" అని అందరంటే ఆ చీటీ నడుస్తదా? బీమా గూడ గంతే. రోగమొచ్చినంక చేరేటోళ్లే మిగిలితే ప్రీమియం పెరుగుతది. పెరిగితే పానం మంచిగున్నోళ్లు ఇంకా జారుకుంటరు. అందుకే అందరు చేరాలె, చేరకుంటే పన్నుతోని పాటు జుర్మానా కట్టాలె అన్నరు. ఇది ఒబామా కొత్తగ కనిపెట్టింది గాదు. 2006లనే మసాచుసెట్స్ రాష్ట్రంల మిట్ రామ్నీ గవర్నర్‌గ ఉన్నప్పుడు తెచ్చిండ్రు.

దేశమంతట 2014ల షురువైంది. మొదటి ఏడు పెద్దోనికి 95 డాలర్లు, లేకుంటే ఆదాయంల 1 శాతం, ఏది ఎక్కువైతే అది. 2016కు 695 డాలర్లు, లేకుంటే 2.5 శాతం అయింది. పిల్లలకు సగం. ఏడాదికి 40 వేల డాలర్లు సంపాయించే ఒంటరి మనిషికి 2016ల సుమారు 741 డాలర్లు పడ్డది. పన్ను లెక్క చూపే అవసరమే లేనంత తక్కువ ఆదాయమున్నోళ్లకు మాఫీ. మూడు నెల్ల లోపు బీమా లేకున్నా మాఫీ. కట్టకుంటే జైలు లేదు, ఇల్లు జప్తు లేదు. వాపసు రావాల్సిన ట్యాక్స్ పైసలల్ల కోసుకుంటరు, అంతే.

కొననోన్ని సర్కారు గిట్ల దండించొచ్చా అని లొల్లి సుప్రీంకోర్టు దాక పోయింది. 2012 జూన్ 28న 5–4 తీర్పు వచ్చింది. "కొను" అని హుకుం జారీ చేసే అధికారం వాణిజ్యం పేరు మీద లేదు గని, ఇది పన్ను లెక్క కాబట్టి చెల్లుతది అని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ చెప్పిండు.

2017 డిసెంబర్‌ల ట్రంప్ పన్నుల చట్టం తెచ్చిండు. దాంతోని 2019 నుంచి దేశం మొత్తం మీద జుర్మానా సున్నా. షరతు కాగితం మీద ఉన్నది, దండుగ లేదు. కని మసాచుసెట్స్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, రోడ్ ఐలాండ్, వాషింగ్టన్ డీసీ తమ సొంత జుర్మానా పెట్టుకున్నయి. న్యూజెర్సీల పాత లెక్కనే: 695 డాలర్లు లేదా 2.5 శాతం. సగం నిజమన్నది ఇందుకే. మాఫీల రూల్ రాష్ట్రానికొకటి. ఉద్యోగం పోయి బీమా తెగిపోయిన మనోళ్లు ఏ రాష్ట్రంల ఉన్నరో చూసుకోవాలె. స్టూడెంట్లకైతే చానా యూనివర్సిటీలు ఎట్లైన బీమా తీసుకోమనే అంటయి. జుర్మానా కన్న పెద్ద భయం అక్కడి దవాఖాన బిల్లు తమ్మీ.

ఇగ నా మాట. జుర్మానా పోతే చట్టం కూలిపోతదని భయపడ్డరు. కూలలే. 2021 నుంచి సర్కారు సబ్సిడీ పెంచినంక, జుర్మానా లేకున్నా జనమే వచ్చి చేరిండ్రు. 2025కు ఆ మార్కెట్ల చేరినోళ్లు 2 కోట్ల 40 లక్షలు దాటిండ్రు. ఆ పెంచిన సబ్సిడీ గడువు మాత్రం 2025 ఆఖరుకే పెట్టుకున్నరు. అంటే కట్టె కన్న చెయ్యి పట్టుకునుడే ఎక్కువ పని జేసింది. కొనలేనోని మీద దండుగ ఏసుడంటే, గొడుగు లేనోన్ని వానల తడిసినందుకు కొట్టుడే.

మన దగ్గర జుర్మానా లేదు. 2007ల మొదలైన ఆరోగ్యశ్రీల పేదోడు ప్రీమియం కట్టడు, సర్కారే కడ్తది. తెలంగాణల 2023 డిసెంబర్ల దాని పరిమితి 10 లక్షలు చేసిండ్రు. కని కార్డుకు అందని మధ్యతరగతి సొంతంగ పాలసీ కొంటే, 2025 సెప్టెంబర్ దాక 18 శాతం జీఎస్టీ గుంజిండ్రు. వాళ్లు తీసుకోనోన్ని దండించిండ్రు, మనోళ్లు తీసుకున్నోన్ని దండించిండ్రు! ఇప్పుడు ఆ పన్ను పోయింది. ఇగ అడగాల్సింది ఒక్కటే: బీమా కార్డు ఒక్కటిచ్చి చేతులు దులుపుకోకుండ్రి, మండల దవాఖానల డాక్టర్ను, మందులను పెట్టుండ్రి. అది అడుగుడు మన పని.