యంత్రానికి నామకరణం

కలకత్తా రేవును ఆనుకొని ఉన్న వాట్‌గంజ్ పేటకు ఆ పేరు కల్నల్ హెన్రీ వాట్సన్ వలన వచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఇంజనీరైన ఆయన ఈ ప్రాంతంలో ఓడల నిర్మాణశాల నెలకొల్పి, 1781లో ‘నాన్‌సచ్’ అనే ఓడను నీటిలోకి దించాడు. సాటిలేనిదని ఆ పేరుకు అర్థం. 1948లో విశాఖపట్నంలో నెహ్రూ ప్రవేశపెట్టిన ఓడ ‘జల ఉష’. ఓడకు పేరు ముచ్చట మాత్రమే కాదు. సరుకు పత్రాలలో దానికి గుర్తు. కారుకు ఆ అవసరం లేదు, నంబరు చాలును. అయినా మనిషి దానికీ పేరు పెడతాడు. ఎందువలన?

ఋత్విక్ ఘటక్ 1958 నాటి బెంగాలీ చిత్రం ‘అజాంత్రిక్’లో ఇందుకు సమాధానం దొరుకుతుంది. సుబోధ్ ఘోష్ కథ దానికి మూలం. టాక్సీ డ్రైవరు బిమల్ తన పాత షెవర్లేను ‘జగద్దల్’ అంటాడు. కదల్చరాని బండ అని ఆ మాటకు అర్థం. నడిచే బండికి పెట్టదగిన పేరేనా! నీళ్లు పోస్తే ఆ బండి గుటకలు వేస్తుంది. బిమల్ దానితో మాటలాడతాడు, చూచినవారు పిచ్చివాడంటారు.

దసరాకు మనవారు ప్రతి బండికీ బొట్టు పెడతారు. విశ్వకర్మ పూజకు కలకత్తావారు ప్రతి బండికీ దండ వేస్తారు. పూజ అన్నిటికీ సమానమే. పేరు మాత్రం మొరాయించేదానికే దక్కుతుందని నా అభిప్రాయం. కూడు పెట్టే బండి రోజుకొక తీరున నడిస్తే, దాని చప్పుడు విని మనసు కనిపెట్టవలసిందే.

చివరకు జగద్దల్ తుక్కుగా అమ్ముడుపోతుంది. ఊడిపడిన హారన్‌ను ఒక పసివాడు నొక్కుతాడు. కన్నీళ్లతోనే బిమల్ నవ్వుతాడు.